పక్కసందు, చూరునీళ్లు

మొన్న మా బోధన్ వీధిలో ఇల్లు చూడటానికి వచ్చిన ఒక కొత్త జంటకు బ్రోకరు "హద్దులన్నీ క్లియర్ సార్, కండ్లు మూసుకొని బయానా ఇయ్యుండ్రి" అని చెబుతుంటే, అరుగు మీద పేపరు చదువుతున్న నేను తల ఎత్తకుండా ఉండలేకపోయాను. కళ్లు మూసుకుని కొనే వస్తువులు లోకంలో ఉండవచ్చు గాని, ఇల్లు వాటిలో ఒకటి కాదు. ఆ సంగతి సగం నాకు చట్టాల పుస్తకం చెప్పింది, మిగతా సగం మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే వెనకింటి ముసలామె చెప్పింది.

చాలా ఏళ్ల కిందట మేం కిరాయికి ఉంటున్న పెంకుటింటినే కొనుక్కోవాలనుకున్నాం. యజమాని చక్కెర ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దమనిషి, నిజామాబాద్‌లో కంఠేశ్వర్‌కు మకాం మారుస్తున్నాడు. ఇంటి పక్కన మనిషీ మేకా ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సినంత సన్నటి సందు ఉండేది. అది మేం కొనబోయే జాగాలోదే. వెనకింటి ఖాలా అందులోంచే వీధిలోకి వచ్చేది. మోకాళ్ల నొప్పుల మనిషి. గోడ పట్టుకుని నడుస్తూ, మా వంటింటి దగ్గర ఆగి "ఇయ్యాల మెంతులు మాడినయ్ బిడ్డా" అని తీర్పు చెప్పి మరీ పోయేది. ఆమెకున్న ఇంకో దారి మురికికాలువ మీద వేసిన బండ ఒక్కటే.

"గా నడువనిచ్చుడు మా మంచితనం. మీరు కొనంగనే గోడ పెట్టుకోండ్రి" అన్నాడు యజమాని. మా ఆవిడ అప్పుడే ఆ సందులో నీళ్ల డ్రమ్మునూ నా సైకిలునూ మనసులో సర్దేసింది.

నేను పదో తరగతితో బడి మానేశాను గాని గ్రంథాలయం మానలేదు. చట్టాల బీరువా ముందు కూర్చుని తిరగేస్తే తెలిసింది: ఒకరి స్థలం మీదుగా మరొకరు ఏళ్ల తరబడి బాహాటంగా, ఎవరినీ అడగకుండా నడిస్తే అది దారి హక్కవుతుంది, ఇల్లు చేతులు మారినా ఆ హక్కు ఇంటితోనే వస్తుంది. ఒకరి దయ మీద, అడిగి నడిస్తే మాత్రం హక్కు పుట్టదు. ఇంత తెలిశాక ఊరుకుంటానా? నేరుగా ఖాలా ఇంటికి పోయాను.

"ఖాలా, గా సందు మీ హక్కు. ఎవ్వలు మూయలేరు. మీరు ఎవ్వల్ని అడుగకుండనే నడుస్తున్నరు గదా?"

ఆమె ముఖం మాడిపోయింది. "హక్కా? కోర్టు మాటలు మా ఇంట్లకు ఎందుకు తెచ్చినవ్ బేటా? నీ ఇంటామెను పలకరించి అడుగకుండ నేను ఎన్నడన్న పోయిన్నా?"

పుస్తకం లెక్కన ఆ ఒక్క మాటతో ఆమె తన హక్కును తానే పోగొట్టుకుంది. మేం గోడ కట్టుకోవచ్చు. మర్నాటి నుంచి ఖాలా సందులోకి రాలేదు. కర్ర ఆనించుకుంటూ, వణుక్కుంటూ, కాలువ బండ మీదుగా పోవడం మొదలుపెట్టింది.

"ముసలామె కాలువల పడితే నీ బుక్కు లేపుతదా?" అని మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆ సందులోంచే ఖాలా వాకిట్లోకి నడిచింది. ఖాలా మంచం మీంచి లేవలేదు. వేలితో పైకి చూపించింది.

"గది సూడు. మీ పెంకుల నీళ్లు పడేది మా వాకిట్ల. మా అత్త కాలం సంది పడుతున్నయ్. మేం ఎన్నడన్న ఆపినమా? నీ బుక్కుల గది లేదా?"

ఉంది. చూరునీళ్ల హక్కు మరుసటి పేజీలోనే ఉంది. దారి కోసం వెతికే హడావుడిలో నేను ఆ పేజీ తిప్పలేదు. దారిలాగే ఇదీ మంచితనమేనని ఆమె అడ్డం తిరిగితే మా పైకప్పు మొత్తం తిరగేసి కట్టాల్సిందే.

"రెండూ రాసుకుందాం ఖాలా," అంది మా ఆవిడ. "రేపు మన తర్వాత వచ్చేటోళ్లు మన లెక్కనే ఉంటరని ఏముంది?"

ఖాలా కర్ర అందుకుని మంచం మీంచి లేచింది. "రాస్కోండ్రి. గని హక్కు అని రాయకుండ్రి. ఈళ్లు నడుస్తరు, ఆళ్ల నీళ్లు పడతయ్, గంతే."

ఇంటి రిజిస్ట్రేషనుతో పాటు ఆ ఒప్పందమూ చేయించాం. హక్కన్న మాట లేకపోతే చెల్లదని దస్తావేజు లేఖరి పట్టుబట్టి పెట్టాడు. ఖాలాకు చదివి వినిపించేటప్పుడు మా ఆవిడ సరిగ్గా అక్కడే గట్టిగా దగ్గింది.

ఇప్పుడు పెంకులు పోయి స్లాబు వచ్చింది. ఖాలా లేదు, ఆమె మనవరాలు నడుస్తోంది. ఎవరి జాగాలో ఎవరు నడవాలో మేం కాగితం మీద తేల్చుకున్నాం గాని, కాలం మాత్రం మా అందరి జాగాల్లోంచీ ఎవరినీ అడగకుండానే నడిచిపోతోంది.