నున్నటి గీత

ఇంట్లో ఆమెవి పాముచెవులంటారు. ఫ్యాను బేరింగు పోబోతోందని వారం ముందే చెబుతుంది. "నీ ఇంట్లో గొణుక్కునే స్వేచ్ఛ కూడా లేదు," అంటాడు భర్త. ఇరవై రెండేళ్లుగా ఆఫీసులోనూ ఆమె పని అలాంటిదే. లిఫ్టు తాళ్లకు బిగించిన సెన్సార్లు పట్టిన సంకేతాల్లోంచి రొద తీసేసి, వినాల్సింది మిగల్చడం.

ఆ సోమవారం పొద్దున్నే ఒక ఆస్పత్రి లిఫ్టు మెకానిక్ ఫోన్ చేశాడు. తాడు టిక్కుమంటోంది, మీ తెర మీదేమో పచ్చలైటే ఉందమ్మా, అన్నాడు. ఆమె ఆ సెన్సార్ వడగట్టని ముడి రికార్డింగు తెప్పించుకుని చూసింది. ఇనుప తాడులో పోగు తెగినప్పుడల్లా గీతలో ఒక సన్నటి ముల్లు లేస్తుంది. పదిహేడు ముళ్లున్నాయి. ఒక్కటీ తెర దాకా రాలేదు.

కారణం దొరకడానికి పావుగంట పట్టలేదు. ఎనిమిదేసి కొలతలకు తీయాల్సిన సగటును ఎవరో రెండు వందలకు తీయిస్తున్నారు. చిటికెడు కారం గంగాళంలో కలిపినట్టు, తెగిన చప్పుడు అందులో కలిసిపోయింది.

"అన్నా, లిఫ్టు ఆపెయ్," అంది మెకానిక్‌కి ఫోన్ చేసి.

"పచ్చలైటుండగా ఆపితే వాళ్లు నన్ను నంజుకు తింటారమ్మా."

"నన్ను తినమను. ముందు ఆపు."

మేనేజరు ఆమెకన్నా పదేళ్లు చిన్న. తలుపు తట్టకుండానే అతని గదిలోకి వెళ్లింది.

"ఆ సంఖ్య ఎవరు మార్చారు?"

"నేనే మేడమ్. తలుపు దబ్బుమన్నా అలారం మోగుతోందని ఒకటే గోల. ఇప్పుడు చూడండి, గీత ఎంత నున్నగా ఉందో."

"శవానికి తీసినా గుండె గీత నున్నగానే వస్తుంది."

అతను మార్పుల ఫైలు ఆమె వైపు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సంతకం మీరే పెట్టారు కదా మేడమ్."

తీసి చూసింది. నలభై మార్పుల జాబితాలో ముప్ఫై ఒకటోది. కింద ఆమె సంతకం. ఆ రోజు ఆమె కూడా గీతనే చూసింది, సంఖ్య చూడలేదు. అతని మీద కోపం తగ్గలేదు. దానికి తన మీది కోపం తోడయింది.

మెకానిక్ మళ్లీ ఫోన్ చేశాడు. తాడు వెంట నూలుగుడ్డ లాగి చూశాడట. తెగిన పోగులకు తగులుకుని గుడ్డ పీలికలైంది. "తాడు మార్చేదాకా ఎవర్నీ ఎక్కనివ్వనమ్మా."

"హమ్మయ్య," అన్నాడు మేనేజరు. "ఎవరికీ ఏం కాలేదుగా. ముందుజాగ్రత్త మరమ్మతని రాసేద్దాం. మీకూ మంచిదే."

"ఇదే సగటు పెట్టిన లిఫ్టులు ఇంకా పదకొండున్నాయి. వాటిలో జనం ఎక్కి దిగుతున్నారు. వాళ్లకేమని రాద్దాం?"



ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి రాసింది. ఏం మారిందో, ఎవరు మార్చారో, ఎవరు చూడకుండా సంతకం పెట్టారో. లిఫ్టులు వెంటనే ఆపమని రాసింది. అతను వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఇది పంపితే మనిద్దరం రోడ్డున పడతాం మేడమ్."

"పడదాం. రోడ్డునేగా పడేది, లిఫ్టుతో పాటు కాదుగా."

పదకొండు చోట్లకూ పంపింది. ఉత్తరాలు తీరిగ్గా చదువుకునే జనాన్ని ఆమె ఎరుగును. ఫోన్ తీసి మొదటి నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది.