పోటు వేళకు వెలిపడిన నోడ్

2025 ఫిబ్రవరి 13, గురువారం, ఉదయం 9 గంటల 52 నిమిషాలు. బందరులో ఆకాశం నిర్మలంగా ఉంది. తెల్లవారుజామున పట్టిన మంచు ఎనిమిదిన్నరకే విడిపోయింది. గాలి తూర్పు నుంచి, మందంగా. వాతావరణం మీదకు నెపం నెట్టడానికి వీలులేని రోజు. ఆ నిమిషాన మా సర్వర్ క్లస్టర్ తనలోని హంసలదీవి నోడ్‌ను చనిపోయినట్టు ప్రకటించి వెలివేసింది.

నేను ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ శాఖలో పనిచేసి విరమించాను. ఆ తర్వాత బందరులోని ఒక ట్రస్టు ఆసుపత్రికి కంప్యూటర్ల వ్యవహారం చూస్తున్నాను. రోగుల వివరాలన్నీ మూడు సర్వర్లలో ఉంటాయి: ఒకటి బందరు ఆసుపత్రిలో, ఒకటి గుడివాడ శాఖలో, ఒకటి హంసలదీవి క్లినిక్‌లో. మూడూ కలిసి ఒకే యంత్రంలా పనిచేసే ఏర్పాటును క్లస్టర్ అంటారు. అందులో ఒక్కొక్క సర్వరు ఒక నోడ్. బందరును ఉప్పెన ముంచినా గుడివాడలో రికార్డు మిగలాలన్నది దీని ఉద్దేశం.

నోడ్‌లు ఒకదానికొకటి నిరంతరం ‘బతికే ఉన్నాను’ అని సంకేతం పంపుకుంటాయి. దానిని హార్ట్‌బీట్ అంటారు. ఎంతసేపు ఆ సంకేతం అందకపోతే అవతలి నోడ్ చనిపోయినట్టు భావించాలో నిర్ణయించే విలువ టైమ్‌అవుట్. ఇక మూడు ఓట్లలో రెండు ఉన్నవారే రికార్డు రాయాలన్న నియమం కోరమ్. వెలిపడిన నోడ్ ఒంటరిది కనుక దానికి రాసే హక్కు ఉండదు, తెర బిగుసుకుపోతుంది. తిరిగి చేరి, వెనకబడిన వివరాలు అందుకునే సరికి పదకొండు నిమిషాలు పడుతోంది. హంసలదీవి క్లినిక్‌లో ఆ పదకొండు నిమిషాలూ బీపీ, షుగరు రోగులు బల్లల మీద కూర్చుని ఆపరేటరు ముఖం చూస్తూ ఉంటారు.

ఆ ఆపరేటరు పేరు కరుణ. నాగాయలంక దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి అయిదు నెలలు. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం నాడు ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ ప్రభాకరరావు గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. పదిహేను రోజులలో హంసలదీవి నోడ్ ఏడుసార్లు ఆగిందనీ, అందుకు ఆపరేటరు నిర్లక్ష్యమే కారణమనీ, ఆమెను తొలగించవచ్చనీ అందులో ఉంది. కింద సాంకేతిక సలహాదారుగా నా సంతకానికి ఖాళీ.

“ఏడుసార్లు మాస్టారూ! ఏడూ డ్యూటీ టైములోనే. ఆవిడ ప్లగ్గు పీకి కుక్కరు పెట్టుకుంటోందండీ, అంతే. మీరో సంతకం పడేస్తే పైకి పంపించేస్తాను.”

“మొదటిది తొమ్మిది యాభై రెండుకండీ. ఆ వేళప్పుడు అన్నం ఎవరు వండుకుంటారు?”

“టిఫినేమో! అదా ఇప్పుడు మన గొడవ?”

“పదిహేనూ పదిహేడూ ఉన్నాయి, మధ్యలో పదహారో తేదీ లేదేంటి?”

“ఆదివారం కదండీ. రిపోర్టు డ్యూటీ టైముకే తీస్తాం. తాళం వేసున్న క్లినిక్‌తో పనేముంది?”

నేను కాగితాన్ని వెనక్కి జరిపాను. “సంతకం పెట్టనండి.”

“మీ సర్వీసెంత, మీరెంత! నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల కోసం మాట పడతారా?”

“పిల్ల సంగతి తర్వాత. డ్యూటీ గంటలకే తీశారు కనుక ఏడు అన్న అంకె తప్పు. తప్పు అంకె కింద నేను ఇంతవరకూ సంతకం పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను.”

“సోమవారం ట్రస్టీలొస్తున్నారు. మీరు పెట్టకపోయినా కాగితం వెళ్తుంది మాస్టారూ.”

“వెళ్లనివ్వండి. దాని వెనకే నాదీ ఒకటి వెళ్తుంది.”

ఆ సాయంత్రమే బందరు నోడ్ నుంచి పూర్తి లాగ్ తీశాను. లాగ్ అంటే సర్వరు తనకు జరిగినదంతా తేదీ, గంట, నిమిషాలతో రాసుకునే దినచర్య. అందులో వెలివేతలు ఏడు కావు, ఇరవై మూడు. రిపోర్టుకు ఎక్కని పదహారింటిలో పద్నాలుగు, క్లినిక్ మూసి ఉన్న వేళల్లో. మిగిలిన రెండు పట్టపగలే, కానీ సెలవు దినాల్లో: 16వ తేదీ ఆదివారం 11:46కు, 26వ తేదీ శివరాత్రి నాడు 9:06కు. వరసగా పేర్చి చూస్తే ఇంకొకటి కనిపించింది. 13న 9:52, 14న 10:30, 15న 11:07, 16న 11:46, 17న 12:29. ఏ రోజుకారోజు నలభై నిమిషాలకు అటూ ఇటూగా ఆలస్యమవుతోంది. 20, 21, 22 తేదీలలో ఒక్కటీ లేదు. ఏ మనిషీ ప్లగ్గును ఇంత క్రమంగా పీకలేడు. అంతవరకు తెలిసింది, కారణం మాత్రం తెలియలేదు. ఆ రాత్రే ఫోనులో ప్రభాకరరావు గారికి చెబితే, ఆదివారమూ ఆవిడే వచ్చి పీకి ఉంటుందన్నారు.

మార్చి 1, శనివారం ఉదయం 10:15కు హంసలదీవి చేరాను. కరుణ లేచి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు తగ్గలేదు.

“సార్, ఆదివారం కూడా నేనే వచ్చి పీకానంటున్నారంట, తాళంచెవి నా దగ్గరుందని. ఆ టైముకి చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. రెండొందల మంది చూశారు. కావాలంటే పాస్టరు గారిని అడగండి.”

“ఎవరినీ అడగనక్కర్లేదమ్మా. ఈ కాగితం చూడు.”

నేను తేదీలూ వేళలూ రాసుకున్న కాగితాన్ని బల్ల మీద పరిచాను. బీపీ చూపించుకోవడానికి వచ్చిన నాంచారయ్య పక్క నుంచి తొంగిచూశాడు. పాలకాయతిప్ప దగ్గర నలభై ఏళ్లుగా చేపల వేటకు వెళ్తున్న మనిషి.

“కాస్త పైకి చదువమ్మా, కళ్లజోడు తేలేదు.”

కరుణ చదివింది. నాలుగో వేళ దగ్గరే అతను నవ్వాడు.

“ఇందులో చూసేదేముంది బాబుగారూ? సముద్రం పోటు వేళలేగా ఇవన్నీ! పున్నానికీ అమాసకీ పోటు బలం. అట్టమి నవములకి నీరు లేవదు. అందుకే ఆ మూడు రోజులూ మీకేం లేదు.”

“ఈరోజు పోటెప్పుడు?”

అతను కిటికీలోంచి ఎండను చూశాడు. “పదకొండు కొట్టేలోపు నిండుద్ది.”

క్లినిక్‌కు కేబులు లేదు. కోడూరు టవరు నుంచి మేడ మీది డిష్‌కు రేడియో లింకు. అది మడ అడవుల మధ్య పాయ మీదుగా వస్తుంది. తరంగం నేరుగా కొంత, నీటి మీద తగిలి కొంత డిష్‌ను చేరుతుంది. పోటుకు నీరు లేచినప్పుడు ఆ రెండు దారుల నిడివి తేడా మారి, ఒకదానినొకటి చెరుపుకుంటాయి. నాలుగు నుంచి ఏడు సెకన్లు సంకేతం పోతుంది. శాఖలో ఉండగా ఈ పాఠాన్ని కొత్తవారికి నేనే చెప్పేవాడిని. ఇక్కడ నాకు తట్టలేదు.

10:50కు ప్రభాకరరావు గారికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. “లైన్లోనే ఉండండి” అన్నాను.

“ఏంటండీ ఇది, శనివారం పూట!”

10:57కు తెర బిగుసుకుపోయింది.

“ఇక్కడ నా తెర మీద కూడా హంసలదీవి ఎర్రగా చూపిస్తోందండీ. ఆవిడెక్కడుంది?”

“నా ఎదురుగా. నాంచారయ్య చేతికి బీపీ పట్టీ చుడుతోంది. రెండు చేతులూ కనిపిస్తున్నాయి.”

నాంచారయ్య ఫోను వైపు వంగి అన్నాడు: “అయ్యగారూ, సముద్రానికి కూడా నోటీసిస్తారేంటి?”

అసలు తప్పు ఎవరిదో సోమవారం ట్రస్టీలకు రాసి ఇచ్చాను. టైమ్‌అవుట్ ఒక సెకను. మూడు సర్వర్లూ ఒకే గదిలో ఉన్నప్పుడు సరిపోయే విలువ అది. ఫిబ్రవరి 12 సాయంత్రం హంసలదీవి నోడ్‌ను చేర్చినప్పుడు, రేడియో దారిని లెక్కలోకి తీసుకోకుండా ఆ విలువను అలాగే ఉంచినవాడిని నేను. ‘సాంకేతిక సలహాదారు’ అన్న ఖాళీలో సంతకం పెట్టాను. కరుణ పేరున్న కాగితం మీద కాదు, నా పేరున్న కాగితం మీద.

“మీరన్నట్టు టైమ్‌అవుట్ పది సెకన్లు చేస్తే నిజంగా ఆగినప్పుడు ఆలస్యంగా తెలుస్తుంది కదండీ?” అన్నారు ప్రభాకరరావు గారు.

“తొమ్మిది సెకన్లు ఆలస్యంగా తెలుస్తుంది. ఇప్పుడు తప్పుగా తెలుస్తోంది. ఏది మేలో మీరే చెప్పండి.”

అదే రోజు టైమ్‌అవుట్‌ను పది సెకన్లకు మార్చాను. సిమ్ కార్డు రౌటరు ద్వారా రెండో దారిని చేర్చాను. మొదటి దారి చెడితే హార్ట్‌బీట్ ఆ దారిన వెళ్తుంది. ఈ విలువలు మూడు నోడ్‌లలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి కనుక, గుడివాడ వెళ్లి అక్కడి ఫైలును బందరు ఫైలుతో పంక్తి పంక్తీ సరిచూశాను.

యంత్రం డ్యూటీ వేళ వెలివేసినప్పుడల్లా దాని పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటారు. వేలు చూపడానికి ఆ మనిషి సులువు. ఎంచుకున్న గంటలకే తీసిన రిపోర్టు ఎంచుకున్న మనిషినే పట్టిస్తుంది. ఇరవై నాలుగు గంటల లాగ్ చూడకుండా ఎవరి మీదా సంతకం అడగవద్దని ఆ ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఇప్పటికీ అడగలేదు.

మార్చి 4 నుంచి ఏప్రిల్ 2 వరకు ముప్పై రోజుల తుది లెక్క: వచ్చిన పోటులు 58. రెండో దారి పట్టినవి 41. వెలివేతలు సున్నా. ఉద్యోగం పోయినవారు సున్నా.