ఇద్దరం కలిసి చూడాల్సిన వంతెన

నాకు కార్టూన్లంటే ఒళ్ళు మంట. అయినా మా ఊరు నోవైలో మంచు పడి కారు బయటికి తీయలేని ఒక శనివారం, పన్నెండేళ్ళ మా అమ్మాయి పక్కన కూర్చుని ఓ జపాన్ యానిమే చూశాను. ఇద్దరు దొంగలు తప్పిపోయిన పిల్లి కోసం షికాగో అంతా తిరిగే కథ. దాని పేరు చెప్పను, నాకిప్పుడు ఆ పేరు పలకాలని లేదు. కానీ ఆ సాయంత్రానికి నేనే "ఇంకో ఎపిసోడ్ పెట్టవే" అన్నాను.

అందులోని వంతెన, మెట్లు, మూలనున్న చిన్న హోటలు నిజంగానే ఆ ఊళ్ళో ఉన్నాయట. అభిమానులు సీను ప్రింట్ తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, కాగితంలోని వంతెన అంచూ అసలు వంతెన అంచూ కలిసేలా పట్టుకుని ఫోటో తీస్తారట. మేమూ వెళ్ళాలనుకున్నాం. అప్పటిదాకా మ్యాప్‌లో కూడా ఆ చోట్లు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టు అడిగింది మా అమ్మాయే.

ఐదేళ్ళు పట్టింది. నా ఉద్యోగం, దాని పరీక్షలు. తీరా అది కాలేజీకి వెళ్ళిపోయే ఆగస్టు ముంచుకొచ్చింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని సెలవు పెట్టాను. ఏడు సీన్లు ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఫైలు కట్టాను. నాలుగున్నర గంటలు డ్రైవ్ చేశాను. దారంతా చిన్నపిల్లలా వాగింది నేనే. అది ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

వంతెన మీద నేనింకా ఫైలు తెరుస్తూనే ఉన్నాను. "అమ్మా, ఇక్కడ కాదు. ఆ దీపస్తంభం పక్కన నిల్చో, కొంచెం వంగు" అంది. వంగాను. అంచూ అంచూ అతికినట్టు కలిశాయి. మెట్ల దగ్గరా అంతే, కాగితం వంక చూడనే లేదు. నా పిచ్చి గాని, మా పిల్ల ఎంత చురుకో అని మురిసిపోయాను!

ఐదో సీను ఆ మూల హోటలు. అక్కడికి మాత్రం కాలు కదపదు.

"అక్కడ వద్దు అమ్మా. ఫుడ్ బాగోదు అక్కడ."

"బాగోదని నీకెలా తెలుసే?"

"రివ్యూస్ చూశాను."

పిల్లి దొరికేది ఆ హోటల్లోనే, చూడకుండా ఎలా పోతాను? లాక్కెళ్ళాను. హోటల్ నడిపే పెద్దావిడ కాఫీతో పాటు ఓ లావుపాటి పుస్తకం తెచ్చి పెట్టింది. వచ్చిన అభిమానులంతా అందులో తమ తమ భాషల్లో ఏదో ఒకటి రాసి వెళ్తారట. మా అమ్మాయిని చూసి నవ్వి, "మళ్ళీ వచ్చావా?" అంది.

 పేజీలు వెనక్కి తిప్పాను. మార్చి నెల దగ్గర, జపాన్ రాతల మధ్య, తెలుగు. వంటగది బల్ల దగ్గర నేను దిద్దించిన గుండ్రటి అక్షరాలు.

"ఫ్రెండ్స్‌తో వచ్చాను. పులిహోర తిన్నాం. అమ్మ లేదు. హాయిగా ఉంది."

మార్చిలో డిబేట్ పోటీ అని చెప్పింది నాకు. ఫ్రెండు వాళ్ళమ్మ తీసుకెళ్తుందంది. తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, నలుగురికీ సరిపోయేలా డబ్బాలో పెట్టి, "బాగా మాట్లాడు నాన్నా" అని పంపింది నేనే.

"సారీ అమ్మా. ఫ్రెండ్స్ నీ భాషలో రాయి అన్నారు. ఎవరూ చదవరు అనుకున్నా."

"ఎవరూ చదవరనేగా నిజం రాశావు?"

 అబద్ధమాడినందుకైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆ హాయి అనే మాటను ఏం చేసుకోను? ఐదేళ్ళు నా పక్కన కూర్చుని, నేనెప్పుడు లేచి వెళ్తానా అని చూసిందా ఇది?

పెద్దావిడ పెన్ను నా చేతికిచ్చి, రాయమన్నట్టు నిలబడింది. మా అమ్మాయి రాత కిందే రాశాను.

"అమ్మ వచ్చింది. ఆ పులిహోర డబ్బా ఇంకా ఇంటికి రాలేదు."

అది చదివి మా అమ్మాయి ఏడ్చింది. ఎప్పుడూ చేసేలా వీపు నిమరలేదు నేను. ఫైల్లో ఇంకా రెండు సీన్లున్నాయి. వాటిని కవర్లలోంచి తీయకుండానే కారు తాళాలు అందుకున్నాను.