తివాచీ మీద పాపికొండలు

ఏలూరులో నలభై ఏళ్ళు తివాచీలు నేసిన మణెమ్మ ఏనాడూ కొండ ఎక్కలేదు. కొల్లేటి పక్కన పుట్టిన మనిషి. ఎటు చూసినా పీట వేసినట్టు చదునైన నేలే. చదివింది రెండో తరగతి. నోరు మాత్రం పెద్ద చదువే చదివింది.

అంధుల బడిలో భూగోళం చెప్పే ఆనంద్ పాల్ మాష్టారు పాపికొండల పటం తెచ్చి, పిల్లలు వేళ్ళతో తడిమి తెలుసుకునేలా తివాచీ నేయగలరా అని అడిగారు. పటం నిండా ఉన్నవి ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గీతలట. అవి దగ్గర పడితే కొండ నిటారుగా ఉన్నట్టట.

"ఇంతేనా అండీ? దీనికా మీరు కాలేజీలో అన్నేళ్ళు కూర్చున్నారు?" అంది మణెమ్మ.

గీత దాటినప్పుడల్లా ఉన్ని పోగు కాస్త పొడవు వదిలింది. గోదావరి దగ్గర గోరంత, శిఖరాన వేలెడంత. ఐదు నెలల పని. కంటి నరం ఎండిపోతోందని, ఇక ముడులు వేయొద్దని డాక్టరు చెప్పాక కూడా చివరి వరసలు తడుముకుంటూ నేసింది. ఏం నేస్తున్నదీ ఎవరికీ చెప్పలేదు. ఒకరికి చెప్పి చేయడం ఆవిడకు నామోషీ. తివాచీని మగ్గం మీంచి దించి, రెండు రోజులు కంటాసుపత్రికి వెళ్ళింది.

మగ్గం దిగిన ప్రతి తివాచీనీ కత్తెరతో సమం చేయడం వీరాస్వామి పని. పోగుల ఎగుడుదిగుడు చూసి, పాపం అక్కకి చూపు పోయిందనుకున్నాడు.

"నీకు మాట రాకూడదని, ఎవరూ చూడకుండా సమం చేసేశానక్కా" అన్నాడు, ఆవిడ రాగానే.

మణెమ్మ అరచెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు జారింది. ఎక్కడా ఆగలేదు. తిడదామంటే అతని మొహంలో తిట్టడానికేం దొరకలేదు.

తివాచీ చూసి రంగులు బాగున్నాయన్నారు మాష్టారు. రంగులెవరికండీ అంది మణెమ్మ.

మణెమ్మ బడికి తెచ్చి పరిచిన తివాచీ అంతా కెజియా అనే పిల్ల తడిమి, కొండలెక్కడ అని అడిగింది. మణెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. గోదావరి దగ్గర ఉన్నికి ఆనించి, గీత గీతకూ గాల్లోకి లేపుతూ, శిఖరం దగ్గర ఆపింది. గీతలన్నీ ఆమెకు కంఠతా ఉన్నాయి.

"మీరు వెళ్ళిపోతే ఎలాగండీ?" అంది కెజియా.

మణెమ్మ ఆ చేతిని అలాగే పైన పట్టుకుని నిలబడింది.