అప్పలనర్సమ్మను ఎవరూ పిలవలేదు

దేవుడు పిలిచింది దేవదానాన్ని. అప్పలనర్సమ్మను ఎవరూ పిలవలేదు. ఈ మాట ఆమె వినేవాళ్లు దొరికినప్పుడల్లా చెప్పింది. దొరకనప్పుడు గిన్నెలు తోముతూ గిన్నెలకు చెప్పింది.

పిలుపు వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. 1920లో, ఇంకా చలి పోలేదు. పాచిపెంట దగ్గర వాళ్ల ఊళ్లో దేవదానం మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్నాడు. అమ్మకానికి కాదు, ఆమెకే. తొమ్మిదేళ్ల కాపురంలో పెళ్లానికని నేస్తున్న మొదటి చీర అది. వంగపండు రంగు, పసుపు అంచు. సరిగ్గా సగమయ్యేసరికి చేతిలోని నూలు నాడె పక్కన పడేసి లేచాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"దేవుడు నన్ను పిలిచాడే. కొండలమీదకెల్లి సువార్త సెప్పమన్నాడు."

"సీర పూర్తి సేసి ఎల్లమన్నాడా, సేయకుండానా?"

దేవదానం మెత్తని మనిషి. గొడవ పడడు, జవాబూ చెప్పడు. వచ్చిన చిక్కల్లా అదే. అరిచే మొగుడైతే ఎదురు అరవొచ్చు. ఈయన కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోతాడు. ప్రార్థన చేసుకుంటున్న మనిషిని ఎంతసేపని తిడతారు? అప్పలనర్సమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. పుట్టింటికి కబురు పెట్టింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆయన నవ్వి, "భర్త వెంట భార్య నడవాలి గదా, సుగుణమ్మా" అన్నారు. సుగుణమ్మ అనేది బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిస్తే తననే పిలుస్తున్నారని ఆమెకు ఏనాడూ తోచలేదు. అందుకని ఆ రోజు కూడా పలకలేదు. చివరికి మగ్గం మీద నేసి ఉన్న సగం చీరను తన చేత్తో తనే కోసి, మూటలో పెట్టుకుని, శృంగవరపుకోట దగ్గర మొగుడి వెనకాల కొండ ఎక్కింది.

మిషను వాళ్లకిచ్చిన ఊరు లోవగుడ. అరకు దాటి హుకుంపేట వైపు వెళ్లే దారిలో, రెండు కొండల సందున పదిహేడు గడపలు. నీళ్లకి ఉన్న ఒక్క కొండవాగు, ఆ గెడ్డ, ఊరికి బాగా దిగువన ఉంది. కుండెడు నీళ్లు తేవాలంటే దిగేటప్పుడు మోకాళ్లు, ఎక్కేటప్పుడు ఊపిరి. అప్పలనర్సమ్మ మొదటిరోజే ఆ దారి చూసి, "నీ దేవుడికి గెడ్డ పక్కన ఊరే దొరకలేదేటి" అంది.

ఊరిపెద్ద బుధు వాళ్లను బాగానే చూశాడు. గుడిసె కట్టించాడు, బుట్టెడు సామలిచ్చాడు. దేవదానం తను వచ్చిన పని చెప్పాడు. బుధు అంతా విని, చుట్ట ముట్టించుకుని మొదలుపెట్టాడు.

"వొచ్చినోలందరూ సెప్తారు బాబూ. ఉప్పు అమ్మినోడు సెప్తాడు, అడివి గార్డు సెప్తాడు. సెప్పీసి దిగిపోతారు. ఎవలి మాటని పట్టుకునేది? మా ముత్తాత నాటినుంచి ఈ ఊల్లో ఒక వాడుక ఉంది. కొత్త మాట తెచ్చినోలు పనస పిక్క పాతాల. అది చెట్టయి కాసినాక, ఆ కాయ ఊరంతా పంచుకు తిన్న రోజున కూకుని ఆ మాట ఇంటాం. అందాకా నువ్వు సెప్పుకో. మేం వొద్దనం. ఇన్నట్టు మాత్రం కాదు."

ఏ తెలివైన మనిషైనా ఆ మాటతో మూట సర్దుకుని దిగిపోయేవాడు. దేవదానానికి సంతోషం పట్టలేదు. పనసేగా అన్నాడు. ఆ వేసవిలోనే ఇంటి వెనక పిక్కలు పాతాడు. వారం తిరక్కుండా, మొలిచాయో లేదో చూద్దామని మట్టి తవ్వాడు. నాలుగు రోజులాగి మళ్లీ తవ్వాడు. అలా తవ్వితే ఏ పిక్క మొలుస్తుంది? ఆ తవ్వకాలన్నీ తప్పించుకుని ఒక్కటి మొలిస్తే దాన్ని మేకలు తినేశాయి.

మరుసటి ఏడు అప్పలనర్సమ్మ ఒక పిక్క తీసుకుని తానే పాతింది. "దీని జోలికొచ్చావంటే నీ చేతులిరగ్గొడతాను" అని మొగుడికి చెప్పింది. ఆ మాట చెప్పిన రోజునుంచి ఆ మొక్క ఆమె మెడకు చుట్టుకుంది. దేవదానం సంతల వెంట, ఊళ్ల వెంట సువార్త చెప్పడానికి తిరిగేవాడు. వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. వేసంగిలో రోజూ రెండు కుండలు మొక్కకి, రెండు కుండలు ఇంటికి. కంప కొట్టి తెచ్చి కంచె కట్టింది ఆమె. మేకల్ని తరిమింది ఆమె. పుష్యమాసంలో అక్కడ తెల్లవారేసరికి గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. లేత ఆకులు మాడిపోతాయని, మూటలోంచి సగం చీర తీసి మొక్కకి కప్పింది. ఆమె ఒంటిమీదికి ఎక్కాల్సిన చీర అలా పనస మొక్కకి కట్టుబట్ట అయింది. కప్పుతున్నంతసేపూ మొక్కనూ, మొగుణ్నీ, దేవుణ్నీ వరసపెట్టి తిడుతూనే ఉంది.

ఆదివారం పొద్దున్న దేవదానం అరుగు మీద నిలబడి చెప్పేవాడు. ఊరంతా వచ్చి కూర్చునేది. మర్యాద తెలిసిన మనుషులు మరి. ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ తలలూపేవాళ్లు. అయిపోగానే "బాగుంది బాబూ" అని లేచిపోయేవాళ్లు. ఆరేళ్లలో ఒక్కరు ఒక్క ప్రశ్న అడగలేదు. సంతలో ఉప్పు కొనాలంటే అదెక్కడిది, ఎవరు మోసుకొచ్చారు, తడి ఎందుకు ఉంది అని ప్రాణం తోడేసే జనమే వీళ్లు. ఇక్కడ మాత్రం పాపం గురించి చెప్పినా బాగుందే, నరకం గురించి చెప్పినా బాగుందే. వంటింట్లోంచి వింటున్న అప్పలనర్సమ్మకు ఒళ్లు మండిపోయేది. మొగుడి మీద జాలి కూడా వేసేది గాని, అది పైకి కనబడనిచ్చేది కాదు.

రెండో ఏడు ఆమెకు కొండజ్వరం వచ్చింది. దేవదానం ఊళ్లో లేడు. పక్క గుడిసె సోములమ్మ పదకొండు రోజులు చోడి పిండి అంబలి తాగించింది. మొక్కకి నీళ్లు కూడా పోసిందా అని అప్పలనర్సమ్మ జ్వరంలోనే అడిగింది. పోయలేదు. "ఆ చెట్టుకి నీళ్లు మేం పోయకూడదమ్మా, మీరే పోయాల" అంది సోములమ్మ. అప్పలనర్సమ్మ పన్నెండో రోజున గోడ పట్టుకుని లేచి, గెడ్డకి దిగింది. సోములమ్మ తోడుగా దిగి, తోడుగా ఎక్కింది గాని కుండ మాత్రం ముట్టుకోలేదు.

ఆ సోములమ్మే ఒకసారి దోసెడు ఉప్పు బదులు తీసుకుంది. వరసగా రెండేళ్లు పంటలు పోయి వాళ్లింట్లో తిండికే లేకపోయింది. అప్పలనర్సమ్మ ఆ ఉప్పు సంగతి మరిచేపోయింది. మూడో ఏడు సోములమ్మ సంతనుంచి నేరుగా వచ్చి, అడ్డాకులో కట్టిన దోసెడు ఉప్పు గడపలో పెట్టి వెళ్లింది. ఆ రోజునుంచి పనస కాస్తే వీళ్లు వింటారని అప్పలనర్సమ్మకు గట్టి నమ్మకం. అది దేవుడి మీద నమ్మకం కాదు, సోములమ్మ మీద.

1927 మాఘంలో చెట్టు మొదట్లో, బెరడుని అంటుకుని బొటనవేలంత పిందెలు కనబడ్డాయి. అప్పలనర్సమ్మ మూడుసార్లు లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి. ఆ వారమే మిషన్‌నుంచి ఉత్తరం వచ్చింది. లోవగుడలో ఆరేళ్లు దాటినా ఒక్కరూ మారలేదు, ఇక అక్కడ మనిషిని ఉంచడం దండగ, దేవదానం రంపచోడవరం వైపు వెళ్లి పని మొదలుపెట్టాలి అని అందులో ఉంది. దేవదానం ఉత్తరం చదివి, ప్రార్థన చేసుకుని, తడి కళ్లతో వచ్చాడు.

"దేవుడు మళ్లీ పిలిచాడే."

ఆరేళ్లుగా దిగిపోదాం దిగిపోదాం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఆమే. ఇప్పుడు ఎగిరి గంతెయ్యాలి. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పిందెలు ఏసినాయి. కనబడతన్నాయా? నాలుగు నెలలాగితే పండుతాయి. నీ దేవుడికి నెలలు లెక్కపెట్టడం రాదేటి?"

"కాసినా ఈలు ఇంటారన్న నమ్మకమేటే. అప్పుడు ఇంకోటి పాతమంటారు."

"నువ్వు సంతలు తిరిగావు. నాను ఈలతో ఉన్నాను. ఈల మాట నాకు తెలుసు."

"పిలుపు వొచ్చినాక ఆగకూడదే."

"అయితే ఎల్లు. నిన్ను పిలిచాడు గనక నువ్వెల్లు. నన్ను పిలవలేదు గనక నానుంటాను."

దేవదానం కాయలు పండేనాటికి సెలవడిగి తప్పకుండా వస్తాననీ, ఊరందరికీ తనే వాక్యం చెబుతాననీ ప్రమాణం చేసి వెళ్లాడు. అప్పలనర్సమ్మ ఊరి చివరిదాకా వచ్చి, దారిలో తినమని, కిందటి వేసవిలో సంతలో కొని దాచిన పనస పిక్కలు వేయించి మూటకట్టి ఇచ్చింది. మొహం మాత్రం చూడలేదు.

కాయలు ముదురుతున్న కొద్దీ ఎలుగుబంట్లు ఎక్కడ వాసన పట్టేస్తాయో అని ఆమెకు దిగులు. పాత కిరసనాయిలు డబ్బా ఒకటి కంచెకి వేలాడదీసి, వచ్చేపోయేవాళ్లందరి చేతా మోగించింది. వైశాఖంలో మొగుడి దగ్గరనుంచి కార్డు వస్తే, హుకుంపేట సంతలో బట్టల వ్యాపారి చేత చదివించుకుంది. దేవుడు తనను ఇంకా లోపలి ఊళ్లకు పిలిచాడనీ, వానలు వెళ్లాకే రాగలననీ రాశాడు. వ్యాపారి చదువుతూ ఆమె మొహం చూసి మధ్యలో ఆపేశాడు. "సదువు బాబూ, ఇంకెన్నిసార్లు పిలిచాడో తెలుసుకోవాల గదా" అంది అప్పలనర్సమ్మ. కొండెక్కుతూ దారిపొడుగునా ఏడ్చింది. కోపానికే ఏడ్చింది.

జ్యేష్ఠంలో మొదటి వాన పడ్డ మర్నాడు కాయలు ఘుమఘుమలాడాయి. బుధు పొద్దున్నే వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి చూసి, ఊరందరినీ పిలిచాడు. చేతులకి ఇప్పనూనె రాసుకుని ఆమే కాయలు కోసింది. గడపకిన్ని అని బుధు తొనలు పంచాడు. ముసలివాళ్లకి నోట్లో పెట్టారు. పాలు తాగే పిల్లల పెదాలకి రాశారు. బుధు ఆఖరి తొన తిని, పిక్క పక్కన పెట్టి, నేలమీద కూర్చున్నాడు. ఊరంతా కూర్చుంది.

"ఇప్పుడు సెప్పమ్మా, మీ మాట."

అప్పలనర్సమ్మ కాయ కోసిన కత్తి పక్కన పెట్టింది.

"సెప్పే మనిషి లేడు గదా మావా. వానలెల్లినాక వొత్తాడు. అందాకా ఆగండి."

"కాయ తిన్న రోజే ఇనాల. మేం తినేసినాం. ఇయ్యాల ఇనకపోతే మా మాట పోద్ది."

"నాకేటి తెలుసు? నాను వొండేదాన్ని, నీళ్లు మోసేదాన్ని."

"నీళ్లు పోసినోలే సెప్పాల. మీ పంతులు పోసుంటే ఆయన మాట ఇందుం. పోసింది నువ్వు. మేం ఆరేళ్లూ సూసినాం."

"సెప్పడానికి దేవుడు పిలిచింది ఆయన్ని మావా. నన్నెవులూ పిలవలేదు."

బుధుకి ఆమె బాధ ఏమిటో అర్థం కాలేదు. ఊరివైపు ఒకసారి చూసి, మళ్లీ ఆమెవైపు తిరిగాడు.

"మేం పిలుత్తన్నాం గదమ్మా."

అప్పలనర్సమ్మకు కోపం ముంచుకొచ్చింది. బుధు మీద కాదు, పైనున్నవాడి మీద. ఇదా మనిషిని పిలిచే పద్ధతి? పిలవాలనుకుంటే పాచిపెంటలోనే పిలవొచ్చు గదా, కాస్త నేర్చుకునేది. ఆరేళ్లు నీళ్లు మోయించి, మొగుణ్ని ఎక్కడికో పంపేసి, మోచేతులదాకా పనస జిగురుతో నిలబడి ఉన్నప్పుడా? భయమేసింది, మళ్లీ కోపమొచ్చింది. ఆమె అరుగు ఎక్కలేదు. వాళ్లతోపాటు నేలమీదే చతికిలబడింది.

దేవదానం ఎప్పుడూ లోకం పుట్టడంతో మొదలుపెట్టేవాడు. ఆ వరస ఆమెకు రాదు. ఆయన చెప్పినవాటిలో ఒక్క కథకి మాత్రం ఆమె చోళ్లు విసరడం ఆపి వినేది. అది కూడా దేవుడి మీద కొంచెం జాలితో.

"ఒక ఆడది నీళ్లకెల్లింది," అంది, చేతి జిగురు గోకుతూ. "మిట్టమద్దేనం. ఒక్కర్తీ. నూతికాడ ప్రభువు కూకునున్నాడు. నడిసి నడిసి కాళ్లు పీకుతున్నాయి. దాహం. తోడుకోడానికి సేద లేదు. ఆ ఆడదాన్నే నీళ్లడిగాడు. అదేమో కసురుకుంది."

సోములమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"దాని కుండ పెద్దదా, సిన్నదా?"

"అదేటే ఇప్పుడు," అని కసరబోయి అప్పలనర్సమ్మ ఆగింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఒక్కరూ తల ఊపడం లేదు.

"పెద్దదే," అంది. "నా కుండంత."