కొత్త గొంతుల అత్తయ్య

మా అత్తయ్య పోయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. ఫోన్ చేసిన పక్కింటావిడ, "లోపల టేప్‌రికార్డర్ మోగుతూనే ఉందమ్మా, అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు," అంది. ఒక వైపు అయిపోతే దానంతటదే రెండో వైపు తిరిగే టేప్‌రికార్డర్ అది. వినే మనిషి లేని గదిలో సాయంత్రం దాకా ఎవరో పాడుతూనే ఉన్నారు. ఆ పాడింది ఎవరో నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు చుట్టాలకన్నా పాటగాళ్ళే ఎక్కువ మంది ఉన్నారు. చర్చిలో పాడే ఆవిడ, వినుకొండ నుంచి వచ్చిన బుర్రకథ ముసలాయన, నాదస్వరం సాయిబుగారు, ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో గిటార్లు పట్టుకుని తిరిగి ఇప్పుడు పొట్టలు వచ్చిన నలుగురైదుగురు. వాళ్ళకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. చెప్పులు విడిచి అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. అన్ని గొంతులు ఒకచోట చేరి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

తొంభైల చివర్లో మీరు కోచింగ్‌కో, డాక్టరు దగ్గరికో గుంటూరు బ్రాడీపేట వచ్చి ఉంటే ఆమె షాపు ముందు నుంచి నడిచే ఉంటారు. మా మావయ్య పెట్టిన క్యాసెట్ల షాపు అది. ఆయన పోయాక ఇక మూసేస్తుందనే అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం పెద్దకర్మ అయిన మర్నాడే వెళ్ళి షట్టరు ఎత్తించింది. సినిమా పాటలన్నీ లోపలి గోడకు సర్దించింది. తలుపు పక్కన, దారినపోయేవాళ్ళ కళ్ళు ముందుగా పడే చోట, పేరూ ఊరూ ఎవరికీ తెలియనివాళ్ళు సొంతంగా పాడి చేయించుకున్న క్యాసెట్లు పెట్టింది. వాటిని కొత్త గొంతులు అనేది.

ఆ రోజుల్లో నాకు గుంటూరులో లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చి ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. సాయంత్రం కాలేజీ అయ్యాక నేరుగా షాపుకే వెళ్ళేదాన్ని. ఎవరో ఒకరు సంచిలో క్యాసెట్లు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవారు. ఒకరు తత్వాలు, ఒకరు కవ్వాలీ, ఇంకొకరు రైతు పాటలు. ఏది తెచ్చినా అత్తయ్య వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ ముందే మొదటి నుంచి చివరిదాకా వినేది. మధ్యలో మాట్లాడేది కాదు.

"మొదటి పాట విని తీసేయకూడదే," అనేది నాతో. "మొదటి పాటంతా భయమే ఉంటుంది. రెండో పాటకి గానీ మనిషి బయటికి రాడు."

గిటారు కుర్రాళ్ళ క్యాసెట్ పెట్టిన రోజు పక్క మందుల షాపాయన చెవులు మూసుకుని వచ్చాడు. "ఏంటండీ ఆ కేకలు! పేషెంట్లు పారిపోతున్నారు," అన్నాడు.

"కేకలే గానీ అబద్ధపు కేకలు కాదండీ. కాసేపు ఓపిక పట్టండి," అంది అత్తయ్య. ఆ క్యాసెట్ వారం రోజులు షాపు బయట మోగింది. కోచింగ్ పిల్లలు, "ఈ వారం కొత్తగా ఏం వచ్చాయాంటీ?" అని అడిగి మరీ వినడం ఆ వారంతోనే మొదలైంది.

వేటపాలెం అమ్మాయి వచ్చింది ఆ తర్వాతే. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేసేది. తోటి ఆడవాళ్ళంతా కలిసి ఆమె చేత పాడించి, ఒక చిన్న స్టూడియోలో క్యాసెట్ చేయించారు. తనే తెచ్చి ఇచ్చింది. నెలలు నిండిన మనిషి, మెట్టెక్కి ఆయాసపడుతూ కూర్చుంది. అందులో ఒక జోలపాట ఉంది. తన పాటే, తను కట్టుకున్నదే.

"ఉప్పుగాలీ ఉప్పుగాలీ, ఊరుకోవే కొంచెం సేపు, చంటిదానికి నిద్దరొచ్చే, చప్పుడాపి పోవే..."

పాటలన్నీ అయ్యాక కూడా స్టూడియోవాళ్ళు టేపు వెంటనే ఆపలేదు. చివర్లో ఆమె నవ్వు, "అయిపోయిందా అన్నా? బాగా వచ్చిందా?" అన్న మాట కూడా పడ్డాయి. అది విని ఆ అమ్మాయి సిగ్గుతో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇది తీసెయ్యమనాల్సింది అమ్మగారూ."

"ఎందుకు తీసెయ్యడం? బాగుంది, ఉండనీ," అంది అత్తయ్య.

నెల తిరక్కుండానే కబురు వచ్చింది. ఆడపిల్లను కని, ఆ కాన్పులోనే పోయింది.

కొన్నాళ్ళకు ఆమె భర్త షాపుకు వచ్చాడు. లారీ డ్రైవరు. మిర్చి యార్డుకు లోడు తెచ్చి, దించే లోపల ఇటు వచ్చేవాడు. బట్టల నిండా మిరపఘాటు. లోపలికి రాకుండా గుమ్మం పక్కనే తుమ్ముకుంటూ నిలబడేవాడు. "ఒకసారి పెట్టండమ్మా," అనేవాడు. పాటలు అతనికి అక్కర్లేదు. పాటలన్నీ తల వంచుకుని దాటించి, చివర్లో ఆ మాట కోసం తలెత్తేవాడు. "అయిపోయిందా అన్నా? బాగా వచ్చిందా?" అది వినగానే వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు. ఇంటికి తీసుకెళ్ళమని అత్తయ్య ఇస్తే, "వద్దమ్మా, అక్కడ పిల్ల ఉంది," అన్నాడు. ఏమిటో ఆ లెక్క మాకు అర్థం కాలేదు. అతను వచ్చి వెళ్ళిన రోజు అత్తయ్య ఇంకేమీ మోగించేది కాదు. "ఈ షాపులో సగం మంది పోయినవాళ్ళేనే కోడలా. పిలిస్తే మాత్రం అందరూ పలుకుతారు," అంది ఒకసారి.

మరో ఏడాదికి ఒక మధ్యాహ్నం, ఎవరో చిన్న వయసు మనిషి చంకలో పిల్లతో వచ్చింది. చీరాల బస్సు దిగి నేరుగా వచ్చిందట. షాపులో జనం పల్చబడే దాకా ఆగి, "వేటపాలెం ఆవిడ పాటలు మీ దగ్గర ఉన్నాయంట కదండీ. వినాలి," అంది.

"నువ్వెవరమ్మా?"

"ఆయన రెండో భార్యనండీ. ఇది ఆవిడ పిల్ల."

అత్తయ్య స్టూలు లాగి వేసింది. క్యాసెట్ పెట్టింది. ఆమె పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని మొత్తం విన్నది. చివరి మాట వచ్చినప్పుడు మాత్రం ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఆ పోయిన మనిషి వెనకాల నిలబడి అడిగినట్టే అనిపించి ఉంటుంది.

"దీని కోసమన్నమాట ఆయన వచ్చేది," అంది. కోపం లేదు ఆ గొంతులో.

"తీసుకెళ్ళమ్మా. నీ దగ్గరే ఉండనీ," అంది అత్తయ్య.

"వద్దండీ. ఇది ఇంటికొస్తే ఆయన దీని ముందే కూర్చుండిపోతాడు. ఇక నేనూ ఈ పిల్లా ఎవరికండీ?" అని, "ఆ జోలపాట మాత్రం నాకు రావాలి. వాళ్ళమ్మ పాట దీనికి లేకుండా పోకూడదు. నేర్చుకుంటాను. మళ్ళీ పెడతారా?" అంది.

అలా ఎన్నోసార్లు వచ్చింది. కళ్ళు మూసుకుని, టేపు వెంట సన్నగా పాడుకునేది. పాట వచ్చిన మనిషేమీ కాదు. పొరపాటు పోతే అత్తయ్య వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టేది. చనిపోయిన మనిషీ బతికున్న మనిషీ ఒకే పాట పాడుతుంటే వీధిలో ఆటోవాళ్ళు కూడా హారన్ కొట్టడం మర్చిపోయేవాళ్ళనిపించేది నాకు. ఆఖరిసారి వెళ్ళబోతూ అడిగింది: "ఈసారి ఆయన వస్తే క్యాసెట్ లేదని చెప్పండమ్మా."

"లేదని ఎట్లా చెప్తానమ్మా? ఉందిగా," అంది అత్తయ్య. "నాకు తోచింది చెప్తాను."

అతను రానే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "ఒకసారి పెట్టండమ్మా," అన్నాడు మామూలుగానే. అత్తయ్య కదల్లేదు.

"ఆ పాట ఇప్పుడు మీ ఇంట్లో ఉంది నాయనా. పొద్దుగూకే లోపల వెళ్ళి విను."

"ఇంట్లోనా? ఇంట్లో ఎవరున్నారు పాడటానికి?"

"వెళ్ళి చూడు."

చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కసారి లోపలికి, ఆ క్యాసెట్లున్న వైపు చూశాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ షాపుకు రాలేదు. చాలా రోజులపాటు యార్డు వైపు నుంచి ఘాటు వచ్చినప్పుడల్లా అత్తయ్య గుమ్మం వైపు తిరిగి చూసేది. తప్పు చేశానా అని నన్ను అడగలేదు గానీ, అడగబోయి మానేసినట్టు నాకు తెలిసేది.

సీడీలు వచ్చాయి. ఆ తర్వాత పిల్లలు కంప్యూటర్లలోనే పాటలు వినసాగారు. అత్తయ్య షాపు మూసేసింది. కొత్త గొంతులు వినడం మాత్రం మానలేదు. ఎవరు ఏది కొత్తగా పాడి పంపినా, ఇంట్లో కూర్చుని రెండో పాట దాకా ఓపికగా వినేది.

ఆ రోజుల్లోనే ఒకసారి చీరాలలో పెళ్ళికి వెళ్ళి, తిరుగు బస్సెక్కే ముందు, "వేటపాలెం వెళ్దామే," అంది. అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాం. రెండో భార్య గుర్తుపట్టి చేతులు పట్టుకుంది. లారీ ఇంటి పక్కనే ఆగి ఉంది. ఆయన లోపలి నుంచి కుర్చీలు తెచ్చి వేసి, నవ్వి, తనూ గడప మీద కూర్చున్నాడు. ఆ పిల్ల అప్పటికి బడికి వెళ్తోంది. ఊయలలో ఉన్న తమ్ముణ్ణి ఊపుతోంది.

"పాడవే, అమ్మగారు నీ పాట వినడానికే వచ్చారు," అంది తల్లి.

పిల్ల సిగ్గుపడకుండా పాడింది. "ఉప్పుగాలీ ఉప్పుగాలీ..." గొంతు తల్లిది కాదు, పెంచిన తల్లిదీ కాదు. తనదే. కానీ "చంటిదానికి" అన్న మాట దగ్గర చటుక్కున ఆగింది. చిన్న ఊపిరి తీసుకుని, అప్పుడు "నిద్దరొచ్చే" అంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. టేపులో కూడా సరిగ్గా అక్కడే ఆగుతుంది. నేర్చుకున్నావిడ దాన్ని కూడా పాటే అనుకుని నేర్చుకుంది. అలాగే నేర్పింది.

అత్తయ్య మొహం పక్కకు తిప్పుకుంది.

బస్సులో అన్నాను: "వాళ్ళకి చెప్పాల్సింది కదా అత్తయ్యా, అక్కడ ఆగనక్కర్లేదని?"

"ఎందుకే చెప్పడం?" అంది. "ఆ అమ్మాయికి అక్కడ ఊపిరి అందలేదు. నెలలు నిండాయి కదా. కడుపులో ఉండి అందనివ్వనిది ఈ పిల్లే."

బస్సు పత్తి చేల మధ్య నుంచి పోతోంది. జీవితమంతా ఇంకొకరి పాటలే తప్ప ఎన్నడూ కూనిరాగం కూడా తీయని మా అత్తయ్య కిటికీకి తల ఆనించి, పెదాలు కదుపుతోంది. గాలి హోరులో మాటలు నాకు వినిపించలేదు. ఆమె ఛాతీ మాత్రం ఒక చోట ఆగి, మళ్ళీ కదిలింది.