అమ్మ ఫోను స్క్రీన్

ఆదోనిలో డిప్లొమా చదివేటప్పుడు, జేబులో పట్టే గేమ్ మిషను సొంతంగా చేయాలన్న పిచ్చి పట్టింది నాకు. చిన్న ఎల్‌సీడీ స్క్రీన్ ఒక్కటే తక్కువైంది. సెలవులకు మా ఊరు కోసిగి వెళ్లి అమ్మ బటన్ ఫోనులోది ఊడదీశాను. చదువు రాని మనిషికి మాట వినిపిస్తే చాలు కదా అనుకున్నాను. అమ్మ వద్దనలేదు.

మర్నాడు ఫోను మోగిన ప్రతిసారీ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అన్నీ కంపెనీ కాల్సే.

"అన్నీ ఎందుకు ఎత్తుతావమ్మా?" అని విసుక్కున్నాను.

"బెంగళూరు నుంచి మీ నాయన సేసినాడేమో అని. ముందంతా ఆయప్ప పేరు సూసి ఎత్తుతాంటి. సదవలేను గానీ, ఆ పేరు యా మాదిరి ఉంటాదో తెలుసు."

ఆ స్క్రీన్ బిగించాక నా చేతిలో వెలుగుతున్న గేమ్ వైపు వంగి చూసింది. "ఈడ వస్తాదా పాపా, మీ నాయన పేరు?"

తర్వాత కొత్త ఫోను కొనిచ్చాను. అయినా ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ అమ్మ ముందు తలెత్తలేను.